దాపట, ఎలపట

రాయచోటి బస్టాండుకు కాస్త ఇవతల పోలేరమ్మ దోసెల బండి ఉంది. ఆమె దోసెలు పోస్తుంటే పక్కన నిలబడి చట్నీ వడ్డించే పొడుగాటి మనిషి ఆమె భర్త గంగాధర. గిన్నె నిండా చట్నీ పట్టుకుని జనంలో తిరిగినా ఒక్క చుక్క కింద పడదట. ఆ చేతి నిలకడ ఎక్కడిదో అక్కడ తినేవాళ్ళకు తెలియదు. ఆయన యాభై ఒకటో ఏట, కువైట్‌లో, హెలికాప్టర్ నడపడం నేర్చుకున్నాడు. నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

మనుషులెక్కే హెలికాప్టర్ కాదు. చేతిలో రిమోటు పట్టుకుని, నేల మీద నిలబడి నడిపేది. అలాగని చిన్నపిల్లల ఆటవస్తువు అనుకోకండి. పైన తిరిగే రెక్క ఒక మనిషి రెండు చేతులూ బారచాచినంత ఉంటుంది. అది లేచినప్పుడు ఇసుక లేచి, దూరంగా కూర్చున్న నా తల మీది చున్నీ జారిపోయేది.

నేనూ గంగాధరా ఒకే ఇంట్లో పనిచేశాం. నేను వంట, అతను డ్రైవరు. మాది గోదావరి వైపు, నా పేరు దీనమ్మ. అతను నన్ను అక్కా అనేవాడు, నేను గంగాధరం అనేదాన్ని. అతను కువైట్ వచ్చిన కొత్తలో అమ్ఘరాలో పాత ఇనుము ఎత్తి లారీల్లో వేసే పని చేశాడు. ఏడేళ్ళ తర్వాత లైసెన్సు సంపాదించి మా ఇంట్లో డ్రైవరుగా చేరాడు. చేరి పన్నెండేళ్ళు. ఎండాకాలంలో కారును ఎప్పుడూ గోడకు కాస్త ఎడంగా నిలిపేవాడు. ఎందుకలాగ అని అడిగితే, మధ్యాహ్నం వీధి ఊడ్చే బంగ్లాదేశ్ పెద్దాయన ఆ సందులో నీడకు కూర్చుంటాడని చెప్పాడు. అతన్ని గురించి నేను మొదట తెలుసుకున్న సంగతి అదే.

కారు సొరుగులో, కాగితాల అడుగున, వీరభద్రస్వామి చిన్న పటం ఉంచుకునేవాడు. ఇంటివాళ్ళకు ఇబ్బంది అవుతుందేమోనని పైకి పెట్టేవాడు కాదు. ఒకరోజు ఆ ఇంటి పెద్దాయన కళ్ళజోడు కోసం సొరుగంతా వెతికాడు. వెతికాక కాగితాలన్నీ సర్దిపెట్టి, పటాన్ని మాత్రం అన్నిటికంటే పైన పెట్టి మూశాడు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఆ పెద్దాయన పేరు అబూ సాలెం. పనివాళ్ళం బాబా అనేవాళ్ళం. బాబా వయసులో ఉండగా కుర్రవాళ్ళకు హెలికాప్టర్ నడపడం నేర్పిన మనిషి. అదే ఉద్యోగంగా చాలా ఏళ్ళు చేశాడు. రిటైరయ్యాక రెండేళ్ళు కూర్చుని సొంత చేతులతో ఈ బొమ్మ హెలికాప్టర్ కట్టుకున్నాడు. దానికి రంగులు వేసింది ఆయన భార్య ఉమ్ సాలెం. తెల్లటి ఒళ్ళు, ముందు వైపు ముక్కుకు అటూ ఇటూ కాటుక దిద్దిన రెండు పెద్ద కళ్ళు. ఆ కనుపాపలు మాత్రం ఎదురుగా చూడవు, నేలచూపులు చూస్తుంటాయి. బాబా ఆమెను ఆటపట్టించేవాడు.

"నీ పక్షి ఏం పారేసుకుంది? ఎప్పుడూ కిందికే చూస్తుంది."

"నా కుర్చీలో కూర్చుంటే నీకే తెలుస్తుంది" అనేది ఆమె.

చలికాలం శుక్రవారాల్లో ఎడారిలో బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళ మైదానానికి వెళ్ళేవారు. ఆమె మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. బాబా ఆమె వెనక నిలబడి హెలికాప్టర్‌ను లేపి, దూరంగా తిప్పి, మొహం ఆమె వైపు పెట్టి దగ్గరికి తెచ్చి గాలిలో నిలబెట్టేవాడు. ఆమె దానితో మాట్లాడేది. నువ్వూ ఒకసారి కూర్చో అంటే, రిమోటు పట్టేదెవరు, బుక్రా చూద్దాం అనేవాడు. బుక్రా అంటే రేపు. ఆరేళ్ళ కిందట ఆమె దేవుని దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బాబాకు చూపు తగ్గుతూ వచ్చింది. ఇరవై అడుగులు దాటితే మనిషో స్తంభమో తెలియదు. హెలికాప్టర్ ఆయన గదిలో అరమీద ఉండిపోయింది.

గంగాధర ఫిబ్రవరి ఆఖరుకు పని మానేసి ఊరికి వెళ్ళిపోతానని నవంబరులో చెప్పాడు. దోసెల బండికి ఇద్దరు మనుషులు కావాలని పోలేరమ్మ రెండేళ్ళుగా పిలుస్తోంది. బాబా విని, మంచిది, భార్య పిలిచినప్పుడు వెళ్ళాలి అన్నాడు. మరునాడు కారులో వెనక సీటు నుంచి అడిగాడు.

"వెళ్ళేలోపు నాకొక పని చేసిపెడతావా?"

"చెప్పండి బాబా."

"హెలికాప్టర్ నేర్చుకో."

గంగాధర ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, పెద్దాయనకు జరమేమన్నా వచ్చిందేమో చూడు. నన్ను హెలికాప్టరు తోలమంటాండాడు."

"నువ్వేమన్నావు?"

"సరే బాబా అన్న్యా. జరమొచ్చినోళ్ళతో ఎవరన్నా వాదన పెట్టుకుంటారా?"

జ్వరం కాదు. వచ్చే చలికాలానికి ఈ మాత్రం చూపు కూడా ఉండదని డాక్టరు చెప్పాడు. చూపు పోకముందు, గంగాధర వెళ్ళకముందు, ఒక్కసారి ఉమ్ సాలెం కుర్చీలో కూర్చుని ఆమె చూసింది తను చూడాలని బాబా కోరిక. క్లబ్బులో బాగా ఎగరేసే కుర్రవాళ్ళు ఉన్నారు కదా అని గంగాధర అడిగాడు.

"వాళ్ళు గిరికీలు కొట్టిస్తారు. నాకు గాలిలో నిలబెట్టేవాడు కావాలి" అన్నాడు బాబా. "పన్నెండేళ్ళుగా నీ కారులో కూర్చుని టీ తాగుతున్నాను. ఒక్కసారైనా నా బట్టల మీద చుక్క పడిందా? నిలబెట్టడమంటే అదే."

ఆ మాట గంగాధర మనసులో పడిపోయింది. పాత ఇనుము ఎత్తినప్పుడుగానీ, బండి తోలినప్పుడుగానీ, నీ చెయ్యి ఇలాంటిదని అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నేర్పడానికి బాబా ఇంకో చిన్న హెలికాప్టర్ తెప్పించాడు. దాని కింద రెండు కర్రలు అడ్డంగా కట్టి, నాలుగు కొసలకూ నాలుగు ప్లాస్టిక్ బంతులు తగిలించాడు. ఎలా దించినా పక్కకు ఒరగకుండా అది ఏర్పాటు. నాకైతే పీటకు రెక్క కట్టినట్టు కనబడింది. రిమోటు మీద రెండు చిన్న పుల్లలుంటాయి. ఒక బొటనవేలు ఎడమ పుల్ల మీద, ఇంకొకటి కుడి పుల్ల మీద. ఎడమది లేపడానికీ దించడానికీ మొహం తిప్పడానికీ. కుడిదాన్ని ఎటు నెడితే హెలికాప్టర్ అటు వాలి జరుగుతుంది.

మొదటి రెండు వారాలు బాబా దాన్ని నేల విడవనివ్వలేదు. "బరువు తగ్గించు, లేపకు" అనేవాడు. బంతులు ఇసుక మీద అటూ ఇటూ జారుతుంటే గంగాధర చలిలో కూడా చెమట తుడుచుకునేవాడు. బాబా పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని వినేవాడు. హెలికాప్టర్ ఆయనకు కనబడదు, చప్పుడు మాత్రం బాగా తెలుసు. "ఇప్పుడు భయపడ్డావు. వేలు బిగిసింది. శ్వాయ్ శ్వాయ్" అనేవాడు. మెల్లగా, కొంచెం కొంచెంగా అని. ఒకే మాటను ఒక పూటలో యాభైసార్లయినా చెప్పి ఉంటాడు. యాభయ్యోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పాడు. వాళ్ళిద్దరూ అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవారు. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

నేను ఫ్లాస్కుతో టీ, డబ్బాలో ఉడకబెట్టిన శనగలు పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. నా ప్రార్థన కూటం శుక్రవారం సాయంత్రం కాబట్టి పొద్దున తీరికే. క్రిస్మస్ నాటికి గంగాధర చిన్న హెలికాప్టర్‌ను ఛాతీ ఎత్తున లేపి, తోక తనవైపు ఉంచి, టీ గ్లాసులా నిలబెట్టగలిగాడు. ఆ రోజు బాబా నాలుగు ఖర్జూరాలు తీసి మాకు చెరి రెండు ఇచ్చాడు.

"సగం అయింది. ఇక దాని మొహం మనవైపు తిప్పు."

కష్టమంతా అక్కడే మొదలైంది. తోక మనవైపు ఉన్నంతసేపూ మన కుడి దాని కుడి ఒకటే. మొహం మనవైపు తిప్పగానే తారుమారవుతుంది. అది మన ఎడమకు జరిగిపోతుంటే ఎవరికైనా పుల్లను కుడికి నెట్టాలనిపిస్తుంది. నెడితే అది ఆపకపోగా ఇంకా ఎడమకు దూసుకుపోతుంది. ఆలోచించుకునేలోపు నేల మీద ముక్కలై ఉంటుంది.

మొదటి శుక్రవారం పడింది. రెండో శుక్రవారమూ పడింది. పడ్డ ప్రతిసారీ బాబా "అల్‌హమ్‌దులిల్లా, ఎవరికీ తగల్లేదు" అని, టీ పొయ్యమని నాకు సైగ చేసేవాడు. గంగాధర ముక్కలన్నీ ఏరి టవల్లో మూటగట్టుకుని షువైఖ్‌లో రహీమ్ దగ్గరికి పట్టుకెళ్ళేవాడు. రహీమ్‌ది కడప. గ్యారేజీల మధ్య చిన్న కొట్టు, ఇలాంటివి బాగుచేస్తాడు. ఒకసారి నేనూ వెళ్ళాను.

"ఏం గంగన్నా, ఈ తూరి కుడి పక్కకు పడేసినావా, ఎడమ పక్కకా?"

"అది తెలిసుంటే నీ కాడికి ఎందుకొస్తా?"

"ఖైతాన్‌లో మీ ఊరోళ్ళ రూములో నీకు పైలట్ సారని పేరు పెట్టినారంట గదా."

"పెట్టినారు. అన్నానికి పిలిచేటప్పుడు గూడా, ల్యాండింగ్ చెయ్ సారూ అంటాండారు."

రహీమ్ నవ్వుతూనే విరిగిన తోకను అతికించాడు. గంగాధర కూడా నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు కారు ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు.

"అక్కా, ఇది పడితే రహీమ్ అతికిస్తాడు. ఆయమ్మ రంగులేసింది పడితే అతికించేదానికి ఆయమ్మ యాడుంది?"

నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను.

జనవరి వచ్చింది. కుడీ ఎడమా గుర్తుండాలని గంగాధర రెండు బొటనవేళ్ళకూ రెండు రంగుల దారాలు కట్టుకుని చూశాడు. రిమోటు మీద బాణం గుర్తులు గీసుకున్నాడు. ఏదీ పనిచేయలేదు. బాబా మాత్రం ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు.

"నువ్వు నేల మీద నిలబడి చూస్తున్నావు. అలా కాదు. దాని లోపల కూర్చో. లోపల కూర్చున్నవాడికి కుడి ఎప్పుడూ కుడే."

నాలుగోసారి పడ్డ రోజు గంగాధర టవల్ పరచి ముక్కలు ఏరుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"బాబా, నేను ఎన్నడూ దాంట్లో కూర్చోలేదు. విమానంలో కూర్చున్నా, అది గూడా కిటికీ పక్కన కాదు. లోపల కూర్చో అంటే నాకు ఏమీ కనబడదు."

బాబా కుర్చీలోంచి ముందుకు వంగాడు. కోపమొచ్చిందేమోనని నేను భయపడ్డాను. తర్వాత ఆయన చెయ్యి చాచి, తడుముకుని, గంగాధర భుజం పట్టుకున్నాడు.

"తప్పు నాది. నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ లోపల కూర్చుని నేర్చుకున్నవాళ్ళు. నీకు తెలిసిన చోటు నుంచి నేను మొదలుపెట్టలేదు. ఆ చోటు నాకు తెలియదు. నువ్వే వెతుక్కుని వచ్చి నాకు చెప్పు."

అంత పెద్దమనిషి పనివాడితో తప్పు నాది అనడం నేను అప్పటివరకు వినలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గంగాధర వంటింటి బయట మెట్టు మీద కూర్చుని పోలేరమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. స్పీకర్ పెట్టి మాట్లాడే అలవాటు అతనిది. నేను లోపల ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆమె వాళ్ళ అన్న సంగతి చెబుతోంది. బోరు కింద శనక్కాయ విత్తడానికి ఆయన ఇంకా ఎద్దుల్నే కడతాడట.

"సంతలో కొత్త ఎద్దును తెచ్చినాడు. తెచ్చి దాపట గట్టినాడు. అది ఎలపటెద్దంట. నాలుగడుగులేసి చేన్లో పండుకున్న్యాది. పొద్దన్నుంచీ దానికి దండం పెడతానే ఉండారు."

గంగాధర పెద్దగా నవ్వాడు. "కట్టేముందు చూసుకోవల్ల గదా. కాడి ఒరిపిడికి మెడ మీద కాసిన కాయ ఏ పక్క ఉందో చూస్తే తెలీదా?"

"నువ్వైతే ఎదురుగా నిలబడి మొగం చూసే చెప్తావు, ఏది దాపటిదో ఏది ఎలపటిదో. అందరికీ నీ కండ్లుంటాయా?"

అవతల ఆమె ఇంకా ఏదో చెబుతోంది. ఇవతల చప్పుడు లేదు. నేను తొంగిచూశాను. గంగాధర ఫోను చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఉండావా?"

"ఉండా. మళ్ళా చేస్తా మే" అని పెట్టేశాడు. లేచి, ఖాళీ నీళ్ళ క్యాన్లు రెండు తెచ్చి నడవలో పక్కపక్కన పెట్టాడు.

"అక్కా, ఇట్రా. ఇవి కాడికి గట్టిన ఎద్దులనుకో. మొగాలు అటు పక్క. నువ్వు ఎనకాల నిలబడు. ఎడమ పక్కది ఏంది?"

మా వైపు కూడా అరకలు చూసినదాన్నే. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. మేం వలపట అంటాం. "దాపటిది" అన్నాను.

"ఇప్పుడు ముందరికి పోయి, దాని మొగం చూస్తా నిలబడు. ఏంది?"

వెళ్ళి నిలబడ్డాను. ఆ క్యాను ఇప్పుడు నా కుడిచేతి వైపు ఉంది.

"దాపటిదే. తిరిగింది నేను గానీ ఎద్దు కాదు కదా. ఏంటయ్యా గంగాధరం ఈ పరీక్ష?"

"అదే గదక్కా" అన్నాడు. అతని కళ్ళు మెరిశాయి. "కుడీ ఎడమా మనిషివి. దాపటా ఎలపటా ఎద్దువి. నేను ఇన్నాళ్ళూ దానికి నా కుడీ ఎడమా తగిలిస్తాండా. నాకు పదేండ్లప్పటి నుంచి ఎద్దుల ముందర నడిచినోన్ని, ఎనక నడిచినోన్ని. ఒక్కనాడన్నా తప్పినానా?"

ఆ సాయంత్రమే బాబాకు చెప్పాడు. క్యాన్లు పెట్టి చూపించాడు. బాబా వాటిని చేతులతో తడిమి, వాటి ముందుకూ వెనక్కూ నడిచి, అర్థమయ్యాక కుర్చీలో కూర్చుని మోకాలి మీద చరుచుకుంటూ నవ్వాడు.

"ఆ మాట మళ్ళీ చెప్పు."

"దాపట. ఎలపట."

"దాబతా. ఎలబతా." అరబ్బీలో ప అన్న శబ్దం లేదు. ఆయనకు బ తప్ప రాదు.

"అంతే బాబా. దాబతా."

"ఇంతమందికి నేర్పాను. ఒక్కడికీ ఎద్దుతో నేర్పలేదు" అన్నాడు బాబా.

ఆ శుక్రవారం నుంచి మైదానంలో పాఠం తెలుగులోకి మారింది. చిన్న హెలికాప్టర్ మొహం తిప్పుకుని మా ఎదురుగా గాలిలో ఉంటే, బాబా చెవి ఒగ్గి విని, అది ఎటు జారుతుందో చెప్పేవాడు. ఎలబతా అంటే అది తన ఎలపటకు జరుగుతోందని. గంగాధర పుల్లను దాపటకు తాకించేవాడు. అది నిలబడిపోయేది. పక్కన విమానాలు ఎగరేసే కువైటీ కుర్రవాళ్ళు ఇదేం భాష అని చూసేవారు. రెండో వారం బాబా తడబడి ఒకదానికి ఇంకొకటి అన్నాడు. గంగాధర గురువు మాట జవదాటకుండా పుల్ల నెట్టాడు. హెలికాప్టర్ వెళ్ళి ముళ్ళకంపలో పడింది. బాబా ఫోను తెప్పించుకుని రహీమ్‌కు తనే చెప్పాడు.

"రహీమ్, ఈసారి పడేసింది నేను. గంగాధరను ఏమీ అనకు."

ఫిబ్రవరి రెండో వారానికి చిన్నది పడడం మానేసింది. ఇక పెద్దది తీయాలి. దానికి మామా ఒప్పుకోవాలి.

మామా అంటే బాబా కూతురు నూరా, ఇంటి యజమానురాలు. ఆమె తమ్ముడు సాలెం ఓడల మీద ఉద్యోగం, ఏడాదికొకసారి వస్తాడు. తండ్రిని చూసుకునేది ఈమే. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను అడిగింది.

"దీనా, అది మా అమ్మ చేతిది. అది పడితే నాన్న మళ్ళీ లేవడు. నువ్వు రోజూ చూస్తున్నావు కదా, నిజం చెప్పు, గంగాధర ఎగరేయగలడా?"

"మామా, నేను ప్రార్థన చేస్తున్నాను."

"నేనూ చేస్తున్నాను. నేను అడిగింది గంగాధర గురించి."

అప్పుడే నీళ్ళ కోసం వచ్చిన గంగాధర అది విన్నాడు. గ్లాసు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"మామా, మీరు వద్దంటే ముట్టను. చిన్నదాంతోనే బాబాకు చూపిస్తా. అది పడదని నేను మాటియ్యలేను. నాకు వచ్చినంతా చేస్తా, అంతే."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మెట్ల కింద సామాన్ల గదిలో చప్పుడైంది. వెళ్ళి చూస్తే, దుమ్ము పట్టిన వాళ్ళమ్మ మడత కుర్చీని తనే బయటికి లాగి, తడిగుడ్డతో తుడుస్తోంది. నన్ను తుడవనివ్వలేదు.

ఆ వారం దుమ్ముగాలి వచ్చి వెళ్ళలేకపోయాం. ఇక మిగిలింది ఒకే ఒక్క శుక్రవారం. మంగళవారం గంగాధరకు విమానం.

ఆ పొద్దున మంచు పట్టి ఉంది. ఏడు గంటలకల్లా మైదానం చేరాం. దూరంగా, చలికాలంలో కువైటీలు సరదాగా వేసుకునే గుడారాలు తెల్లగా కనబడుతున్నాయి. గాలి లేదు. రహీమ్ కూడా కొత్త బ్యాటరీలు రెండు పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్కటి ఆరు నిమిషాలు వస్తుందని చెప్పి, ప్రతి మరనూ తాకి చూసి, దూరంగా నిలబడ్డాడు. కుర్చీ వేశాం. బాబా దాని చేతులు తడిమి, నెమ్మదిగా కూర్చున్నాడు. ఆరేళ్ళలో ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మామా నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

గంగాధర చెప్పులు విడిచి బాబా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇసక చల్లగా ఉంటాది, చెప్పులు యాల ఇడిచినావు?" అన్నాడు రహీమ్.

"ఎద్దుల ముందర చెప్పులేసుకుని నిలబడను" అన్నాడు. వంగి నేలను తాకి, చేతిని కళ్ళకద్దుకున్నాడు.

రెక్క తిరిగింది. పెద్ద హెలికాప్టర్ ఇసుకను తోసుకుంటూ లేచింది. తోక మావైపు పెట్టుకుని ముందుకు పోయింది, పోయి ఆగింది. బాబా మొహం అటే ఉంది గానీ ఆయనకు ఏమీ కనబడడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. అక్కడ అది మెల్లగా, గడియారంలో సెకన్ల ముల్లు తిరిగినంత మెల్లగా మొహం తిప్పుకుంది. కాటుక కళ్ళు మావైపు తిరిగాయి.

"శ్వాయ్ శ్వాయ్" అన్నాడు బాబా.

అది దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నలభై అడుగులు. ముప్పై. మామా నా వేళ్ళు నలిపేస్తోంది. పాతిక అడుగుల దగ్గర ఎక్కడినుంచో ఒక గాలి విసురు వచ్చింది. హెలికాప్టర్ ఒక పక్కకు ఒరిగి మా ఎడమవైపుకు జారింది. రహీమ్ రెండడుగులు ముందుకు వేశాడు.

"ఎలబతా" అన్నాడు బాబా, కారులో టీ అడిగినంత నెమ్మదిగా.

ఆయన మాట పూర్తికాకముందే గంగాధర బొటనవేలు దాపటకు కదిలింది. హెలికాప్టర్ సర్దుకుంది, మళ్ళీ మధ్యకు వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. ఇరవై అడుగుల దగ్గర, బాబా తలకంటే మనిషెత్తు పైన, నిలబడింది. టీ గ్లాసులా నిలబడింది.

బాబా తల పైకెత్తాడు. రెక్క గాలికి ఆయన తొడుక్కున్న తెల్లటి పొడుగు దిష్దాషా కొట్టుకుంటోంది. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. తర్వాత చెయ్యి కొంచెం లేపాడు, ఎదుటి మనిషికి సలాం చెప్పేటప్పుడు లేపినట్టు.

"నూరా" అని పిలిచాడు. "అవి కిందికి చూడడం లేదు. నన్నే చూస్తున్నాయి."

అప్పుడు అర్థమైంది మాకు. కుర్చీలో కూర్చున్న మనిషిని పైనుంచి చూసేటట్టు ఉమ్ సాలెం ఆ కనుపాపలు దిద్దింది. అరమీదున్నప్పుడు నేలచూపులైన ఆ చూపు, గాలిలో నిలబడితే కుర్చీలో ఉన్నవాళ్ళ కళ్ళలోకి వస్తుంది. ఆ సంగతి ఆమె ఎన్నో శుక్రవారాలు చెప్పింది. ఈయన బుక్రా అన్నాడు.

"దించనా బాబా? బ్యాటరీ ఒక్క నిమిషమే ఉంది" అన్నాడు గంగాధర. వేళ్ళు పుల్లల మీద అలాగే ఉన్నాయి.

"దించు."

దించడం అంత బాగా కుదరలేదు. చివరి జానెడు గభాలున దిగింది. టక్కుమని చప్పుడైంది.

"ఏమిటది?"

"కాలొకటి వంగింది బాబా. నాదే తప్పు."

"వంగనీ. నా కాళ్ళు వంగలేదా?" అన్నాడు బాబా.

రహీమ్ పరుగున పోయి, చూసి, ఒక్క కాలు తప్ప అంతా బాగుందని కేకేశాడు. గంగాధర రిమోటు ఇసుక మీద పెట్టి, వచ్చి బాబా కుర్చీ పక్కన కూలబడినట్టు కూర్చున్నాడు. బాబా అతని తల మీద చెయ్యి పెట్టి ఉంచాడు. నేను టీ పోశాను. ఎవరూ తాగలేదు, చల్లారిపోయింది. మళ్ళీ పోశాను. ఆ పొద్దున నేను చేసిన ప్రార్థనలో అడగడాలు లేవు, స్తోత్రాలే ఉన్నాయి.

కాసేపయ్యాక బాబా లేచి నిలబడ్డాడు. కుర్చీ వీపు మీద తట్టాడు.

"నూరా, వచ్చి కూర్చో. రహీమ్, ఇంకో బ్యాటరీ ఉందన్నావు కదా?"

మామా వద్దు వద్దంటూనే వచ్చి కూర్చుంది. రహీమ్ వంగిన కాలును చేత్తో కాస్త సరిచేసి, బ్యాటరీ మార్చాడు. గంగాధర మళ్ళీ నేలను తాకి కళ్ళకద్దుకుని, రిమోటు అందుకున్నాడు. ఈసారి బాబా అతని పక్కనే నిలబడ్డాడు, ఒకప్పుడు తన దగ్గర నేర్చుకునేవాళ్ళ పక్కన నిలబడినట్టు, చేతులు వెనక్కి కట్టుకుని.

హెలికాప్టర్ లేచింది, పోయింది, మొహం తిప్పుకుని వచ్చింది, మామా ఎదురుగా నిలబడింది. మధ్యలో రెండుసార్లు గాలి కదిలింది. బాబా కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ ఆరు నిమిషాల్లో ఆయన ఒక్కసారి కూడా దాబతా అనలేదు, ఎలబతా అనలేదు.